నేను పసుపు పూసిన చెట్టు

పట్టణంలో చెట్లు పెంచే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు నా దగ్గరికి వస్తే ముందు ఒక మాట చెబుతాను. మొక్క నాటడం మన పని కాదు. దానికి పెద్దమనుషులు ఉన్నారు. వాళ్లు వస్తారు, చేతికి మట్టి అంటకుండా మొక్కను పట్టుకుంటారు, ఫొటో దిగుతారు, చేతులు కడుక్కుంటారు. అంటని మట్టిని ఎందుకు కడుక్కుంటారో నాకు రిటైరయ్యేదాకా అర్థం కాలేదు. మన పని వాళ్లు వెళ్లిపోయాక మొదలవుతుంది, మూడు ఎండాకాలాలు సాగుతుంది.

నిజామాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా నేను ఈ పనే చేశాను. రెండేళ్ల కింద దిగిపోయాను. మాది రుద్రూర్ దగ్గర చిన్న ఊరు, మా బాపు చెరుకు రైతు. నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి. రెండిటివల్లా కుర్చీ మారింది కానీ చెట్లకు ఆ సంగతి తెలియలేదు. కాబట్టి వాటి గురించి రాయను. చేసిన తప్పుల గురించి రాస్తాను, అవి మీకు పనికొస్తాయి.

ఒకే గుంత

ఒక పెద్ద ఆఫీసు ముందు ఒక గుంత ఉండేది. వరసగా ఆరు వానాకాలాలు ఆరుగురు ముఖ్య అతిథులు అందులో ఆరు మొక్కలు నాటారు. అడుగున బండ ఉందని నాకు రెండో ఏడే తెలిసింది. నీళ్లు పోస్తే బకెట్లో నిలిచినట్టు నిలిచేవి. కానీ ఆ గుంత కారు ఆగే చోటికి దగ్గర, పక్కన టెంటు వేయడానికి జాగా ఉంది, ఫొటోకు వెలుతురు బాగా పడుతుంది. ఇన్ని మంచి గుణాలున్న గుంతను ఎవరు వదులుకుంటారు?

ఏడో ఏడు నేను దాన్ని పూడ్పించి, పది అడుగుల అవతల ఇంకోటి తవ్వించి కానుగ మొక్క పెట్టించాను. ఎవరినీ అడగకుండా ఎందుకు తవ్వించావని మెమో ఇచ్చారు. ఆ కానుగ చెట్టు ఇప్పుడు రెండంతస్తుల ఎత్తుంది. మెమో కూడా భద్రంగానే ఉంది.

చెట్లను చంపేవాళ్లు దుర్మార్గులని మొదట్లో అనుకునేవాణ్ని. చాలామంది మంచివాళ్లే. ఒక ఇంటి ముందు మొక్క ఎన్నిసార్లు పెట్టినా ఎండిపోతుంటే ఒకరోజు పొద్దున వెళ్లి కాపు కాశాను. ఆ ఇంటి ఇల్లాలు గిన్నెతో వచ్చి పొగలు కక్కే గంజి మొక్క మొదట్లో పోసింది. ఇదేంటమ్మా అంటే, "బలం సార్. మా పిల్లలకు గూడ గిదే తాగిపిస్తం" అంది. ఆ మొక్క ఆమె ప్రేమను పదిహేను రోజులకు మించి తట్టుకోలేకపోయింది. చల్లారినాక కూడా పోయొద్దని చెప్పడానికి నాకు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. మూడోసారి ఆమె నన్ను కఠినాత్ముడిగా చూసింది.

కొయ్యమన్నాను

మా ఇంజినీరు యాదగిరి సార్‌కు వంకర అంటే గిట్టదు. రోడ్డయినా, వరసైనా, ఆఖరికి టేబుల్ మీద పెన్నయినా సక్కగా ఉండాలి. ఒక ఏడు ఎండాకాలం మొదలయ్యే ముందు ఆయన నన్ను పిలిచి, కరెంటు వైర్లకు తగులుతున్న కొమ్మలన్నీ వారంలో తీయించమన్నాడు. మనుషులు దొరకలేదు. చెరుకు కోతలు అప్పుడే అయిపోయాయి కాబట్టి మా ఊరి నుంచి కోత కూలీలు ఎనిమిది మందిని రప్పించాను. కత్తి పట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. పొద్దున్నే ఒక కాలనీలో గుల్‌మొహర్ చెట్ల వరస చూపించి, "ఇవి కొయ్యుండ్రి" అని చెప్పి ఇంకో పనికి వెళ్లాను.

మధ్యాహ్నం వచ్చేసరికి ఆకాశం చాలా కనిపించింది. ఏడు చెట్లు నేలమట్టంగా ఉన్నాయి. మొదళ్లు చదునుగా, బల్ల మీద చెక్కినట్టు, చూడముచ్చటగా కోశారు.

"ఇదేంది ఎంకన్నా?" అన్నాను ముఠా పెద్దతో.

"అడుగుకు కొట్టినం అన్నా. జర మీద ఉంచితె పిలకలు మంచిగ రావు గద" అన్నాడు ఎంకన్న. మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నాడు.

అతని తప్పేమీ లేదు. మా వైపు కోత అంటే ఒకటే అర్థం. చెరుకును నేలకు ఆనించి కోయాలి, అప్పుడే మళ్లీ బాగా మొలుస్తుంది. నేనూ ఆ పొలంలోనే పుట్టాను. కొమ్మ కొట్టండి అనాల్సిన చోట కొయ్యండి అన్నాను. ఒక్క మాట తేడాకు ఏడు చెట్లు పోయాయి. వాటిలో రెండు కొద్దిగా చిగురించాయి, ఐదు చిగురించలేదు.

యాదగిరి సార్ వచ్చి పైకి చూశాడు. "వైర్లకు తగుల్తలేవు గద. పని మంచిగైంది" అని వెళ్లిపోయాడు. తిట్టించుకుంటే కొంచెం తేలికయ్యేది. ఆ కాలనీ మీదుగా వెళ్లడం నేను చాలా ఏళ్లు మానేశాను.

ఎర్ర గుర్తు

ఇక అసలు సంగతికి వస్తాను. మిగతావన్నీ వదిలేసినా దీన్ని చదవండి.

బోధన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక గల్లీలో పెద్ద వేపచెట్టు ఉంది. నేను నాటింది కాదు, నాకంటే పెద్దది. దాని కింద రోజూ నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. వాళ్లలో పెద్దది లచ్చవ్వ. అప్పటికే అరవై దాటింది. చెట్టుకు ఎదురుగా, గల్లీకి అటువైపు ఆమె ఇల్లు. ఇల్లంటే ఒకే గది, పైన రేకులు. ఎండాకాలం ఆ గదిలో తునికాకు పెళుసెక్కి చుట్టేటప్పుడు పగులుతుంది. పగిలిన బీడీలు కార్ఖానాలో తీసుకోరు. అందుకే ఆమెకు ఆ చెట్టు నీడంటే సుఖం కాదు, పని జాగా. నాకు చెట్లకు నీళ్లు పోసే తిరుగుడులో అక్కడ ఆగి ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగడం అలవాటు.

గల్లీని వెడల్పు చేయాలని తీర్మానం అయింది. యాదగిరి సార్ చెట్టు మీద ఎర్ర రంగుతో అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీయించాడు. అంటే కొట్టేయాలని.

రోడ్డును మూడడుగులు అటు జరిపితే చెట్టు బతుకుతుందని కాగితం మీద గీసి చూపించాను.

"మూడడుగులు జరిపితె వంకర వస్తది. వంకర రోడ్డు నా సర్వీసుల లేదు" అన్నాడు.

"చెట్టు ఎనభై ఏండ్లది సార్."

"అయితె రిటైర్మెంట్ ఎప్పుడో కావాలె."

ఇంకో రెండుసార్లు కూడా అడిగాను. మూడోసారి ఆయన పెన్ను సక్కగా పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇక లాభం లేదని తెలిసింది.

సోమవారం జేసీబీ వస్తుంది. ఆదివారం మిట్టమధ్యాహ్నం నేను మా నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ సాయిలును తీసుకుని ఆ గల్లీకి వెళ్లాను. సంచిలో పసుపు, కుంకుమ, రెండు నిమ్మకాయలు, మూరెడు ఎర్ర గుడ్డ, నున్నటి రాయి ఒకటి. పసుపు పండించే మా జిల్లాలో దానికి ఎప్పుడు లోటుంది? ఎండకు గల్లీలో ఎవరూ లేరు. చెట్టు కింద లచ్చవ్వ ఒక్కతే ఉంది.

సాయిలు సంచిలోకి చూసి, "సార్, గిది పాపం గాదా?" అన్నాడు.

"చెట్టు కొట్టుడు పాపం గాదా?"

"అది ఆర్డర్ సార్."

నేను పసుపు కలిపి మొద్దుకు పూయడం మొదలుపెట్టాను. లచ్చవ్వ కాసేపు చూసింది. ఆకు కత్తిరించే కత్తెర పక్కన పెట్టి లేచొచ్చింది.

"గట్ల పూస్తరా బిడ్డా? గోడకు సున్నమేసినట్టు ఏస్తున్నవ్. ఇయ్యి ఇటు."

నా చేతిలోంచి గిన్నె లాక్కుని తనే పూసింది. ఎర్ర గీతల మీద కుంకుమ దట్టంగా పెట్టి గుండ్రంగా తిప్పింది. కొట్టేయమన్న గుర్తు పోచమ్మ బొట్టయింది. రాయిని మొదట్లో నిలబెట్టి, గుడ్డ కట్టి, దండం పెట్టుకుంది. పెట్టుకున్నాక, "ఎవనికి సెప్పకు" అంది. దండం అమ్మవారికి, మాట నాకు.

సోమవారం జేసీబీ డ్రైవర్ వచ్చి, చెట్టును చూసి, చెప్పులు విడిచి బండిలోనే కూర్చున్నాడు. యాదగిరి సార్ వచ్చాడు. ఆయన కూడా బూట్లు విప్పాడు.

"ఇది ఎప్పటి సంది ఉన్నది?" అని నన్ను అడిగాడు.

"చెట్టా సార్? చాన ఏండ్ల సంది."

ఆయన చాలాసేపు నా చేతి గోళ్లను చూశాడు. పసుపు అంత తొందరగా పోదు. రోడ్డు మూడడుగులు అటు జరిగింది. పని పూర్తయిన రోజు ఆయనే చెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. ఆ సాయంత్రం నేను ఇంట్లో చాలా గర్వంగా అన్నం తిన్నాను.

తంబాకు పనికిరాదు

మంగళవారం ఇద్దరు వచ్చి దీపం పెట్టారు. శుక్రవారం పదిమంది. మూడు నెలలకు కమిటీ ఏర్పడింది. కమిటీకి పెద్ద గంగాధర్. మంచి మనిషి, సిమెంటు దుకాణం ఉంది. ఎవరి భక్తి అయినా చేతికి అందిన వస్తువుతోనే బయటపడుతుంది. ఏడాది తిరిగేసరికి చెట్టు చుట్టూ సిమెంటు గద్దె కట్టి, పైన బండలు పరిచి, మొద్దుకు ఆనించి సందు లేకుండా పూడ్చారు. చుట్టూ ఇనుప జాలి పెట్టారు, దానికి తాళం వేశారు.

ఒకరోజు వెళ్లేసరికి కింద బీడీల ఆడవాళ్లు లేరు. అడిగితే గంగాధర్ చెప్పాడు.

"అమ్మ కాడ తంబాకు పనికిరాదు సార్. మైల."

పోచమ్మకు కల్లు పోస్తారు, మేకను ఇస్తారు. బీడీలో వేసే తంబాకు మాత్రం పనికిరాదట. నలుగురిలో ముగ్గురు ఎక్కడెక్కడో నీడ చూసుకున్నారు. లచ్చవ్వకు మోకాళ్లు పట్టేశాయి, దూరం నడవలేదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చోవచ్చు కదా అనుకుంటూ అటు తిరిగాను. అరుగు లేదు. నేను మూడడుగులు జరిపించిన రోడ్డు ఆమె అరుగు మీదుగా పోయింది. కాగితం మీద గీసినప్పుడు గల్లీకి అటువైపు ఏముందో నేను చూడలేదు. గడప దిగితే మురుగు మోరీ, మోరీ దాటితే రోడ్డు. ఒక మొక్క పెడదామన్నా జానెడు మట్టి లేదు.

ఆమె రేకుల గదిలో కూర్చుని చుడుతోంది. ఆకు మీద తడిగుడ్డ కప్పుకుంది, నెత్తి మీద ఇంకోటి.

నాకు తల తీసేసినట్టయింది. నేరుగా కమిటీ దగ్గరికి వెళ్లి నిజం చెప్పేశాను. అమ్మవారు వెలియలేదని, చెట్టును కాపాడటానికి పసుపు పూసింది నేనేనని, లచ్చవ్వను కూర్చోనివ్వమని అడిగాను. లచ్చవ్వ పూసిన సంగతి ఒక్కటే దాచాను.

గంగాధర్ శ్రద్ధగా విన్నాడు. కోపగించుకోలేదు.

"నువ్వు పూస్తివా సార్, అమ్మ నీతోని పూయించెనా?"

"నేనే పూసిన."

"ఇన్ని చెట్లు ఉండంగ దీనికే ఎందుకు పూసినవ్?"

ఆయనే నా భుజం తట్టి, "అదే అమ్మ మహిమ" అన్నాడు. పక్కనున్నవాళ్లు నాకు కొబ్బరి ముక్క ఇచ్చారు. ఆ తర్వాత నుంచి గల్లీలో నా మర్యాద పెరిగింది.

తెగులు అని రాసుకున్నాను

ఆ తర్వాతి ఏడు మా వైపు వేపచెట్లన్నీ కొసల నుంచి ఎండుతున్నాయి. తెగులు వచ్చింది. ఈ చెట్టు కొసలు కూడా ఎండాయి. నేను పుస్తకంలో తెగులు అని రాసి, రెండుసార్లు మందు కొట్టించాను. వానలు పడ్డాక మిగతా చెట్లు మళ్లీ చిగురించాయి. ఇది చిగురించలేదు. ఆకు చిన్నదైపోయింది, పైన ఆకాశం కనపడసాగింది. నేను ఇంకో ఏడాది కూడా తెగులు అనే రాసుకున్నాను.

సాయిలు ఒకరోజు ట్యాంకర్ ఆపి, గద్దెను చూస్తూ అన్నాడు. "నా మెడ దాంక సిమెంటు పోస్తె నేను గూడ ఎండుత సార్."

"నీకు తెల్వదు, నువ్వు బండి నడుపు" అన్నాను.

అతనికి తెలుసు. నాకూ తెలుసు. వేళ్లకు గాలి ఆడదు, నీళ్లు దిగవు, మొదలు కుళ్లుతుంది. కానీ సిమెంటు అని రాస్తే గద్దె గురించి రాయాలి, గద్దె అంటే పసుపు గురించి రాయాలి. తెగులుకు ఎవరూ బాధ్యులు కారు. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇదే: చెట్టుకు జబ్బు ఏమిటో రాసే ముందు ఆ జబ్బు పేరు మీకు ఎంత అనుకూలంగా ఉందో చూసుకోండి. నేను చూసుకోలేదు, చెట్టుకు రెండేళ్లు నష్టం చేశాను.

చివరికి గంగాధర్‌ను అడిగాను. మొద్దు చుట్టూ నాలుగడుగుల మేర బండలు తీసి మట్టి పోయనివ్వమన్నాను.

"అమ్మ గద్దె మీద గడ్డపార ఏస్తమా సార్? ఎవడేస్తడు? నువ్వేస్తవా?"

నేను వేయలేనని ఆయనకు తెలుసు. వేస్తే గల్లీ ఊరుకోదు, ఆఫీసు అసలే ఊరుకోదు.

ఆ సాయంత్రం లచ్చవ్వ గడపలో నిలబడి చెప్పాను. "అవ్వా, చెట్టు వచ్చే ఎండాకాలం దాటదు. సుట్టు నాలుగడుగులు తీస్తే బతుకుతది. తియ్యనిస్తలేరు."

ఆమె బీడీ మూతి మడుస్తూ, "నాలుగడుగులా?" అని ఒక్కటే అడిగింది.

అమ్మ అడిగింది

వారం తర్వాత ఆషాఢంలో ఆ గల్లీ బోనాలు. లచ్చవ్వ కూడా నెత్తి మీద బోనం పెట్టుకుని, మోకాళ్ల నొప్పితో కుంటుకుంటూ వచ్చింది. డప్పులు ఊపందుకున్నాయి. బోనం దించిందో లేదో ఆమె ఊగడం మొదలుపెట్టింది. జుట్టు విడిపోయింది. ఆమెకు అంతకుముందు ఎప్పుడూ శిగం రాలేదని, అమ్మవారు పూనలేదని పక్కవాళ్లు గుసగుసలాడారు. నేను ఇనుప జాలి పట్టుకుని నిలబడ్డాను.

"నా కాళ్ల మీద బండలేసిండ్రు! ఊపిరాడ్తలేదు నాకు! దూపైతున్నది, నీళ్లు లేవు! మట్టి ఏడ వోయింది? నా మట్టి ఏడ?"

గంగాధర్ చేతులు జోడించాడు. "తప్పయింది తల్లీ. తీస్తం. ఎంత మేర తియ్యాలె?"

"నాలుగడుగులు! సుట్టూత నాలుగడుగులు!"

అమ్మవారు అడుగుల లెక్కలో చెప్పడం అక్కడ ఎవరికీ వింతగా అనిపించలేదు. మర్నాడు పొద్దున మొదటి గడ్డపార గంగాధరే వేశాడు. బండల కింద మొద్దు బెరడు మెత్తబడి చేతికి ఊడి వచ్చింది. ఇంకో ఏడాది ఆగితే అయిపోయేది. సాయిలు రెండు ట్యాంకర్ల నీళ్లు, నేను ఎర్రమట్టి, పశువుల ఎరువు తెచ్చాం. కమిటీ వాళ్లు గంపలతో మోశారు. ఆ ఉగాదికి చెట్టు నిండా పూత వచ్చింది.

నా రిటైర్మెంటు సభలో ఇద్దరు ఆ చెట్టు గురించి మాట్లాడారు. చెట్టును కాపాడానని శాలువా కప్పారు. లచ్చవ్వ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు.

పోయిన ఎండాకాలం ఆమె దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది. రేకుల గదిలో గోడకు ఆనుకుని బీడీలు చుడుతోంది. ఎదురుగా చెట్టు పచ్చగా, దట్టంగా ఉంది. దాని నీడ గద్దె మీద, తాళం వేసిన జాలి లోపల పడుతోంది. అక్కడ ఎవరూ లేరు.

"అవ్వా, ఆ రోజు నిజంగనే అమ్మ వచ్చిందా?" అని అడిగాను. ఎప్పటి నుంచో అడగాలని ఉంది.

"నువ్వు పసుపు తెచ్చిన నాడు వచ్చిందా?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమెకు నవ్వుతోపాటు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నేను అసలు మాట అడిగాను.

"బండలు తియ్యమన్నప్పుడు ఎదురు చెప్పినోడు లేడు. నీ జాగ గూడ అడిగితే ఇస్తుండిరి గద. బీడీలోళ్లను కూసోనియ్యుండ్రి అని ఒక్క మాట ఎందుకు అనలే?"

ఆమె నన్ను బడికి కొత్తగా వచ్చిన పిల్లవాణ్ని చూసినట్టు చూసింది.

"సెట్టు కోసం అడిగితె అమ్మ అనుకుంటరు బిడ్డా. నా కోసం అడిగితె లచ్చవ్వ అనుకుంటరు. గప్పుడు బండలు గూడ తియ్యకపోదురు."

చెప్పి, ఆకుల మీద తడిగుడ్డ సర్దుకుంది. నేను ఆ రేకుల కింద పది నిమిషాలు కూర్చోగలిగాను. అంతలోనే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, లేచి బయటికి వచ్చేశాను. ఆమె సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి.